గుంటూరు తేజ, పోర్ట్ క్లాంగ్: ఒక కంటైనర్ వెంట

విదేశీ కొనుగోలుదారు "టన్ను ఎంత?" అని అడిగితే గుంటూరు ఎగుమతిదారు ఒక్క అంకెతో జవాబు చెప్పలేడు. తేజ మిర్చి టన్నుకు ఇన్ని డాలర్లు అన్నాక దాని పక్కన ఎఫ్‌ఓబీ చెన్నై అనో, సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్ అనో రాయాలి. ఆ మూడక్షరాలు లేని ధర ధరే కాదు. లారీ కిరాయి ఎవరిది, ఓడ కిరాయి ఎవరిది, నడిసముద్రంలో సరుకు తడిస్తే నష్టం ఎవరిది అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి.

సరుకు రవాణాలో ఇలాంటి మాటలు వందల్లో ఉన్నాయి. వాటిని అక్షరక్రమంలో బట్టీ పట్టి ప్రయోజనం లేదు. సరుకు ఏ చోట ఉన్నప్పుడు ఏ మాట పనిచేస్తుంది, అక్కడ ఎవరి బాధ్యత ఆగి ఎవరిది మొదలవుతుంది అన్నది తెలిస్తే చాలు, మిగతావి వాటంతట అవే వస్తాయి. కొత్తగా ఎగుమతుల్లోకి దిగుతున్న రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇది మరీ అవసరం. ఏడాదంతా కష్టపడి పండించి, ఆరబెట్టి, తాలు ఏరి, తొడిమ తీసిన సరుకు మీద మిగిలే నాలుగు రూపాయలూ ఒక మాట సరిగా అర్థం కానందుకు పోకూడదు. అందుకని తేజ మిర్చి నింపిన ఒక కంటైనర్ వెంట గుంటూరు నుంచి మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ దాకా వెళదాం.

బేరం దగ్గర

బేరానికి ముందే కొన్ని అర్హతలు ఉండాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) ఇచ్చే ఎగుమతి-దిగుమతి కోడ్ ఐఈసీ లేకుండా ఎగుమతి లేదు. ఇప్పుడు పాన్ నంబరే ఐఈసీ నంబరు. మిర్చి సుగంధ ద్రవ్యం కాబట్టి స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా నమోదు కావాలి. దాన్ని వ్యాపారులు క్రెస్ అంటారు. ఆ పైన హెచ్‌ఎస్ కోడ్. ప్రపంచమంతటా సరుకుల్ని గుర్తించే ఈ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే. ఎండు మిరపకాయలకు 0904.21, దంచినా పొడి చేసినా 0904.22. అవతలి దేశంలో సుంకం పడేది ఈ అంకెలను బట్టే. మలేసియాతో ఆసియాన్-భారత్ సరుకుల ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ ఒప్పందం కింద రాయితీ కోరే కొనుగోలుదారు ఫారం ఏఐ అనే మూలస్థాన ధ్రువపత్రం అడుగుతాడు. సరుకు వెళ్లిపోయాక దాని కోసం పరుగెత్తడం కన్నా బేరం నాడే అడిగి తెలుసుకోవడం మేలు.

తర్వాత ప్రోఫార్మా ఇన్వాయిస్. ఇది బిల్లు కాదు, ఇంత సరుకు ఈ షరతుల మీద ఇస్తామన్న ముందస్తు మాట. ఇందులో రాసే షరతుల్లో అన్నిటికన్నా బరువైనది ఇన్‌కోటర్మ్. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి ఈ నిబంధనలను ప్రకటించింది. ఇప్పుడు నడుస్తున్నవి 2020 నాటివి, మొత్తం 11. అన్నీ మనకు అక్కర్లేదు. ఎక్స్‌డబ్ల్యూ అంటే గుంటూరు గోడౌన్ గుమ్మం దగ్గరే మన పని అయిపోయింది, తీసుకెళ్లే బాధ కొన్నవాడిది. డీడీపీ అంటే అందుకు పూర్తిగా అవతలి కొస: అక్కడి సుంకం కూడా మనమే కట్టి ఆయన గోడౌన్‌లో అప్పజెప్పాలి. కొత్తవాళ్లు డీడీపీకి ఒప్పుకోకపోవడమే మంచిది. మనకు తెలియని దేశపు పన్నును మన ధరలో కలిపి చెప్పడం ప్రమాదం.

మధ్యలో ఉన్న ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్‌ల దగ్గర కాస్త ఆగాలి. ఎఫ్‌ఓబీ చెన్నై అంటే చెన్నైలో ఓడ మీదికి సరుకు ఎక్కేదాకా ఖర్చూ నష్టభయమూ మనవి, ఎక్కిన క్షణం నుంచి కొన్నవాడివి. సీఐఎఫ్ పోర్ట్ క్లాంగ్ అంటే పోర్ట్ క్లాంగ్ దాకా ఓడ కిరాయి, బీమా మనం కట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పోర్ట్ క్లాంగ్ దాకా కిరాయి కట్టాం కాబట్టి అక్కడిదాకా నష్టభయం కూడా మనదే అనుకుంటారు. కాదు. సీఐఎఫ్‌లోనూ నష్టభయం చెన్నైలో ఓడ ఎక్కగానే చేతులు మారిపోతుంది. డబ్బు కట్టే చోటు వేరు, నష్టం మోసే చోటు వేరు.

బీమాలోనూ ఒక మెలిక ఉంది. సీఐఎఫ్ కింద అమ్మేవాడు సరుకు విలువలో 110 శాతానికి బీమా చేయించాలి. కానీ కనీసపు రక్షణ, అంటే క్లాజు 'సీ' తీసుకుంటే చాలునంటాయి నిబంధనలు. ఓడ మునగడం, ఒరుసుకుపోవడం, ఢీకొనడం, నిప్పంటుకోవడం లాంటి పెద్ద ప్రమాదాలకే ఆ 'సీ' పనికొస్తుంది. కంటైనర్ కంతలోంచి వాననీరు దిగి మిర్చి తడిస్తే మామూలుగా అందులో పైసా రాదు. దొంగతనానికీ రాదు. నీళ్లంటే ప్రాణం పోయే సరుకు మిర్చి. దానికి విస్తృత రక్షణ ఇచ్చే క్లాజు 'ఏ' తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ప్రీమియంలో వచ్చే తేడా ఒక కంటైనర్ మిర్చి విలువ ముందు చాలా చిన్నది.

ఇంకొక్క మాట. కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ కన్నా ఎఫ్‌సీఏ సరైనదని వాణిజ్య మండలే చెబుతోంది. ఎందుకంటే మనం కంటైనర్‌ను ఓడ రావడానికి ముందే టెర్మినల్‌కు అప్పగించేస్తాం. ఆ తర్వాత అది యార్డులో ఉన్నన్నాళ్లూ మన చేతిలో ఏమీ లేదు, ఎఫ్‌ఓబీ ప్రకారం నష్టభయం మాత్రం ఇంకా మన మీదే ఉంటుంది. ఎఫ్‌సీఏలో అప్పగించిన చోటే అది దిగిపోతుంది. అయినా అలవాటు కొద్దీ అందరూ ఎఫ్‌ఓబీ అనే రాస్తున్నారు.

డబ్బు ఎలా వస్తుందన్నది కూడా బేరంలోనే తేలాలి. ఎల్‌సీ పద్ధతిలో కొన్నవాడి తరఫున అతని బ్యాంకు హామీ ఇస్తుంది. బ్యాంకు మిర్చి రంగు చూడదు, ఘాటు చూడదు. కాగితాలు చూస్తుంది, అంతే. యూసీపీ 600 అనే నిబంధనల ప్రకారం సరుకు ఓడ ఎక్కిన 21 రోజుల్లోగా, అదీ ఎల్‌సీ గడువు దాటకముందే, కాగితాలు బ్యాంకుకు చేరాలి. వాటిని పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా అయిదు పనిదినాలు ఉంటాయి. ఎల్‌సీలో ఉన్న తూకానికీ ఓడ ఎక్కాక లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉన్న తూకానికీ పొంతన కుదరకపోతే దాన్ని డిస్క్రిపెన్సీ అంటారు. అది పడిందంటే బ్యాంకు హామీ ఆగిపోయి మళ్లీ కొనుగోలుదారు దయ మీద ఆధారపడాల్సి వస్తుంది.

ఖాళీ డబ్బా

బేరం కుదిరాక ఫ్రైట్ ఫార్వర్డర్‌ను పట్టుకోవాలి. ఓడలు షిప్పింగ్ లైన్లవి. వాటిలో జాగా కుదిర్చిపెట్టేది ఫార్వర్డర్. కస్టమ్స్ పని చూసేది కస్టమ్స్ బ్రోకర్. కొత్త నిబంధనల్లో పేరు మారినా చెన్నై నుంచి విశాఖ దాకా అందరూ ఇప్పటికీ సీహెచ్‌ఏ అనే పిలుస్తారు. లైన్ ఇచ్చే బుకింగ్ కాగితంలో ఓడ పేరు, వాయేజ్ నంబరు, ఈటీడీ అంటే బయల్దేరుతుందని అనుకుంటున్న రోజు, ఈటీఏ అంటే చేరుతుందని అనుకుంటున్న రోజు ఉంటాయి. రెండూ అంచనాలే. కచ్చితంగా పట్టించుకోవాల్సింది కటాఫ్. ఆ వేళ దాటాక టెర్మినల్ గేటు ఆ ఓడకు మూసేసినట్టే.

ఇప్పుడు డబ్బా ఎంచుకోవాలి. చీమకుర్తి గ్రానైట్ అయితే 20 అడుగుల డబ్బా చాలు. సగం కూడా నిండకముందే బరువు పరిమితి వచ్చేస్తుంది. మిర్చిది ఇందుకు పూర్తిగా తలకిందులు లెక్క, బరువు చేరకముందే జాగా అయిపోతుంది. వ్యాపారులు దీన్ని క్యూబ్ అవుట్ అంటారు. అందుకే మిర్చికి 40 అడుగుల హైక్యూబ్ అడుగుతారు. మామూలు డబ్బా ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు, హైక్యూబ్‌ది తొమ్మిదిన్నర. 20 అడుగుల డబ్బాలో సుమారు 33 ఘనపు మీటర్ల జాగా ఉంటే 40 హైక్యూబ్‌లో సుమారు 76 ఉంటుంది. 20 అడుగుల డబ్బా ఒక టీఈయూ, 40 అడుగులది రెండు. ఓడల్నీ రేవుల్నీ ఈ టీఈయూలతోనే కొలుస్తారు. ఇంత సామాన్యంగా కనిపించే ఈ డబ్బాల వ్యాపారం మొదలై వందేళ్లు కూడా కాలేదు. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్‌లీన్ అనే లారీల యజమాని ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 డబ్బాలను అమెరికాలోని నూవర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు సరుకులను చాలావరకు కూలీలే ఒక్కొక్క బస్తాగా ఎక్కించి దించేవారు.

డబ్బా నిండా సరుకు మనదే అయితే అది ఎఫ్‌సీఎల్. నాలుగైదు కంపెనీల సరుకు కలిపి పంపితే ఎల్‌సీఎల్. ఎల్‌సీఎల్‌లో ఒక ఘనపు మీటరు, లేదా ఒక టన్ను, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కిరాయి వేస్తారు. విమానంలో ఇదే సూత్రం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు పచ్చళ్లు, పొడులు, అప్పడాలు కొరియర్ చేసే ప్రతి తెలుగింట్లోనూ ఇది అనుభవమే. 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు ఉన్న అట్టపెట్టె ఘనపరిమాణం 60 వేలు. కొరియర్ వాళ్లు చాలావరకు దాన్ని 5,000తో భాగిస్తారు, 12 కిలోలు వస్తుంది. పెట్టెలో ఉన్నది 8 కిలోలే అయినా డబ్బు 12 కిలోలకు కట్టాలి. వాల్యూమెట్రిక్ వెయిట్ అంటే ఇదే. పెట్టె చిన్నదిగా ఎంచుకుని గట్టిగా సర్దుకుంటే ఆ తేడా మన దగ్గరే మిగులుతుంది.

డిపో నుంచి ఖాళీ డబ్బా తెచ్చేటప్పుడు ఇచ్చే కాగితం ఈఐఆర్. డబ్బాకు అప్పటికే ఉన్న సొట్టలు, చీలికలు అందులో రాయించుకోవాలి. రాయించుకోకపోతే తిరిగి ఇచ్చే చోట అవి మన ఖాతాలో పడతాయి. డబ్బా మీద నంబరు కూడా అక్కడే సరిచూసుకోవాలి. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర గళ్లలో విడిగా మరో అంకె. మొదటి మూడు అక్షరాలు యజమానివి, నాలుగోది సరుకు డబ్బా అయితే 'యూ'. చివరి అంకె ముందున్న పదింటి నుంచి లెక్కకట్టి వచ్చేది. హడావుడిలో 6ను 8 అని రాసుకుంటే కంప్యూటర్‌లో ఆ లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది.

ఆ తర్వాత చేసే పరీక్ష చూడటానికి చాలా చిన్నది. ఇద్దరు లోపలికి వెళతారు, బయటివాళ్లు తలుపులు బిగించి మూస్తారు. పట్టపగలు లోపల చిమ్మచీకటి కావాలి. పైకప్పులో గుండుసూది తలంత వెలుగు కనిపించినా ఆ డబ్బా వద్దని తిప్పి పంపాలి. ఆ కంతలోంచి వెలుగు దిగిందంటే వానా దిగుతుంది. చెక్క నేలను అరచేత్తో తడిమి చూస్తారు, తడి తగలకూడదు. వాసన చూస్తారు. పోయినసారి అందులో రసాయనమో, పచ్చి తోళ్లో వెళ్లి ఉంటే ఆ వాసన మిర్చికి పట్టేస్తుంది.

నింపడం, సీలు, తూకం

కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, నేరుగా డబ్బాలో పెట్టకూడదు. చల్లని బస్తాకు బయటి వేడిగాలి తగిలితే చెమర్చుతుంది. బయటి వేడికి అలవాటు పడేదాకా ఆగాలి. తర్వాత గ్రేడింగ్, ఎగుమతి సంచుల్లోకి మార్చడం, నమూనాలు తీసి పరీక్షకు పంపడం. స్పైసెస్ బోర్డుకు గుంటూరులోనే పరీక్షశాల ఉంది. మిర్చిలో వెతికేవి ప్రధానంగా అఫ్లాటాక్సిన్, సూడాన్ రంగులు, పురుగుమందుల అవశేషాలు. మొదటిది బూజు నుంచి వచ్చే విషం. కల్లంలో సరిగా ఆరని కాయతోనే అది మొదలవుతుంది, కాబట్టి ఎగుమతి నాణ్యత యార్డులో కాక పొలం దగ్గరే తేలిపోతుంది.

దారిలోనూ ఆ ప్రమాదం తప్పదు. బాగా ఆరిన మిర్చిలోనూ కాస్త తేమ ఉంటుంది. పగటి ఎండకు ఇనుప డబ్బా లోపల గాలి వేడెక్కి ఆ తేమను పీల్చుకుంటుంది. రాత్రి సముద్రం మీద పైకప్పు చల్లబడగానే ఆ తేమ నీటి బొట్లుగా మారి కిందున్న సంచుల మీద పడుతుంది. రవాణా వాళ్లు దీన్ని కంటైనర్ రెయిన్ అంటారు. డబ్బాకు కంత లేకపోయినా లోపలే వాన కురిసిందన్నమాట. అందుకే గోడలకు క్రాఫ్ట్ కాగితం కట్టి, తేమను పీల్చే డెసికెంట్ సంచులు వేలాడదీసి, పై వరస సంచుల మీద మరో పొర కప్పుతారు. ఇదంతా నింపుతున్న పూటే చేయాలి, తలుపు మూశాక చేసేదేమీ ఉండదు.

ఇలా డబ్బా నింపడమే స్టఫింగ్. మన గోడౌన్‌లో నింపితే ఫ్యాక్టరీ స్టఫింగ్. రేవు దగ్గరి కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కు (సీఎఫ్‌ఎస్) లారీల్లో తోలి అక్కడ నింపించడం రెండో దారి. అక్కడ చేయి మారే కొద్దీ సంచులు చినుగుతాయి, వాన వస్తే దిక్కుతోచదు. మిర్చికి ఫ్యాక్టరీ స్టఫింగే మేలు. 2017లో వచ్చిన పద్ధతి ప్రకారం అనుమతి ఉన్న ఎగుమతిదారు తనే ఎలక్ట్రానిక్ సీలు వేసుకోవచ్చు. సీలు నంబరు, డబ్బా నంబరు, కస్టమ్స్‌లో వేసే షిప్పింగ్ బిల్లు నంబరు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ముఠా కార్మికులు చివరి సంచి పెట్టాక, తలుపులు మూయకముందు ఒకటి, సీలు కనిపించేలా మరొకటి ఫొటోలు తీసి ఉంచుకోవాలి. రేపు ఏదైనా క్లెయిమ్ వస్తే అవే సాక్ష్యం.

అప్పుడు తూకం. ఖాళీ డబ్బా బరువు టేర్, సరుకు ఒక్కదాని బరువు నెట్, సంచులతో కలిపితే గ్రాస్. సరుకూ ప్యాకింగూ డబ్బా అన్నీ కలిసి వేబ్రిడ్జి మీద తేలే బరువే వీజీఎం. 2016 జూలై 1 నుంచి అది లేకుండా ఏ డబ్బానూ ఓడ ఎక్కించకూడదు. సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ఈ నిబంధన ఊరికే రాలేదు. 2007 జనవరిలో ఎంఎస్‌సీ నాపోలీ అనే ఓడ తుపానులో దెబ్బతింటే దాన్ని ఇంగ్లండు తీరాన కావాలనే ఒడ్డుకు ఎక్కించారు. డెక్ మీద తడవకుండా మిగిలిన డబ్బాలను తూస్తే అయిదింట ఒకదాని బరువుకూ కాగితం మీది బరువుకూ మూడు టన్నుల పైన తేడా ఉంది. బరువు తక్కువ చేసి రాయడం కొంత కిరాయి మిగుల్చుకునే తెలివి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ డబ్బాల మీదా కిందా ఉన్నవి ఇతరుల సరుకులు, ఆ ఓడలో ఉన్నవాళ్లు మనుషులు.

చెన్నై దారిలో

ఈ-వే బిల్లు తీసి ట్రైలర్ కదిలాక ఫోన్ల పని మొదలవుతుంది.

"బండి ఎక్కడుందన్నా?"

"సూళ్లూరుపేట దాటింది సార్. తడ దగ్గర టీ తాగి బయల్దేరాడు."

"కటాఫ్ రేపు పొద్దున ఆరింటికి. ఫారం 13 వచ్చిందా?"

"సాయంత్రానికి వస్తుంది సార్. సీహెచ్‌ఏతో మాట్లాడాను."

ఫారం 13 చెన్నై టెర్మినల్ గేటు లోపలికి డబ్బాను పంపించే కాగితం. దానికన్నా ముందు సీహెచ్‌ఏ కస్టమ్స్ వారి వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు వేసి ఉంటాడు. ఏ సరుకు, ఎంత, ఏ ధరకు, ఏ దేశానికి, ఏ రాయితీ కోరుతున్నాం అన్నవన్నీ అందులో ఉంటాయి. వేసే ముందు చెక్‌లిస్ట్ అని ఒకటి మనకు పంపుతాడు. "ఓకే" అని ఒక్క మెసేజ్ కొట్టి ఊరుకోకుండా హెచ్‌ఎస్ కోడ్, తూకం, ఎగుమతి సరుకు మీద పన్నులు వాపసు ఇచ్చే రోడ్‌టెప్ కోరిక, బ్యాంకు ఏడీ కోడ్ నాలుగూ చదవాలి. తర్వాత దిద్దించుకోవడానికి పడే తిప్పలకు హద్దు ఉండదు. మిర్చికి ఫ్యూమిగేషన్ చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి, మొక్కల క్వారంటైన్ అధికారుల నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తీసుకోవాలి. కస్టమ్స్ సీలు సరిచూసుకుని, అనుమానం ఉంటే తెరిపించి, అంతా సరిపోతే ఎగుమతికి అనుమతించే ఆర్డరు, ఎల్‌ఈఓ ఇస్తుంది. ఆ ఆర్డరు లేకుండా డబ్బా ఓడ ఎక్కదు.

గేటు ముందు లారీల వరస పెరిగి కటాఫ్ తప్పిపోతే డబ్బా షట్ అవుట్ అయినట్టు. అన్నీ సమయానికి చేసినా ఓడలో జాగా చాలక లైనే తర్వాతి ఓడకు నెట్టేస్తే అది రోల్ ఓవర్. ఎల్‌సీలో ఆఖరి షిప్‌మెంట్ తేదీకి ఒక్క రోజు మాత్రమే మిగిలేలా ఓడను బుక్ చేసుకునేవాళ్లకు ఈ రెండు మాటలూ శత్రువులు. కనీసం ఒక ఓడంత వెసులుబాటు ఉండేలా తేదీలు అడగాలి.

ఓడ ఎక్కాక

చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్‌కు నేరుగా వెళ్లే ఓడలున్నాయి. అదే మిర్చి యూరప్‌కో, అమెరికాకో వెళుతుంటే చాలాసార్లు విజయవాడ జంక్షన్‌లో రైలు మారినట్టు కొలంబోలో ఓడ మారుతుంది. చిన్న ఓడ ఫీడర్, పెద్దది మదర్ వెసెల్, మారడం ట్రాన్స్‌షిప్‌మెంట్. కొందరు కొనుగోలుదారులు ఎల్‌సీలో ట్రాన్స్‌షిప్‌మెంట్ కుదరదని రాస్తారు. నేరుగా ఓడ లేని రేవుకు అలా ఒప్పుకుంటే ఇబ్బందే.

ఓడ ఎక్కగానే లైన్ ఇచ్చేది బిల్ ఆఫ్ లేడింగ్, నోటి మాటగా బీఎల్. ఈ ప్రయాణంలో ఇంతకన్నా విలువైన కాగితం లేదు. ఇది సరుకు అందిందన్న రసీదు, మోసుకెళతామన్న ఒప్పందానికి సాక్ష్యం, అన్నిటికీ మించి సరుకు మీద హక్కు. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు, అందులో ఏ ఒక్కటి అప్పగించినా అవతల సరుకు విడుదలవుతుంది. అందుకే మూడూ ఒక్కచోటే ఉండాలి. పంపేవాడు షిప్పర్, అందుకునేవాడు కన్‌సైనీ, ఓడ వచ్చిందని కబురు అందాల్సినవాడు నోటిఫై పార్టీ. కన్‌సైనీ గడిలో కొనుగోలుదారు పేరు రాస్తే హక్కు అతని పేరు మీద స్థిరపడుతుంది. 'టు ఆర్డర్' అని ఉంటే వెనక సంతకం పెట్టి చేతులు మార్చవచ్చు. డబ్బు అందేదాకా పట్టు చేతిలో ఉండాలంటే ఈ గడి జాగ్రత్తగా నింపాలి. సంచులు తడిగా ఉన్నాయనో, చిరిగాయనో లైన్ రాసిన బీఎల్‌ను క్లాజ్డ్ అంటారు, బ్యాంకు దాన్ని తీసుకోదు. ఏ మచ్చా లేనిది క్లీన్. ఫార్వర్డర్ ఇచ్చేది హౌస్ బీఎల్, లైన్ ఇచ్చేది మాస్టర్ బీఎల్; మన చేతిలో ఏది ఉందో తెలియాలి. మన దేశంలో 1856 నాటి బీఎల్ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది.

దగ్గరి రేవులకు ఒక చిక్కు ఉంది. పోర్ట్ క్లాంగ్‌కు నేరుగా వెళ్లే ఓడకు వారం కూడా పట్టదు. బ్యాంకుల మీదుగా వెళ్లే ఒరిజినల్ బీఎల్ అంతకన్నా ఆలస్యంగా చేరుతుంది. సరుకు రేవులో, కాగితం దారిలో. అప్పుడు కొనుగోలుదారు "బీఎల్ సరెండర్ చేయండి, టెలెక్స్ రిలీజ్ ఇవ్వండి" అంటాడు. అంటే మూడు ఒరిజినల్స్‌నూ చెన్నైలోనే లైన్‌కు తిరిగి ఇచ్చేస్తే అక్కడ కాగితం లేకుండానే సరుకు విడుదల చేస్తారు. పాతకాలపు నమ్మకస్తుడైతే, లేదా డబ్బు ముందే అందితే ఫరవాలేదు. కొత్త పార్టీకి డబ్బు రాకముందే సరెండర్ చేయడమంటే సరుకును ఊరికే ఇచ్చేయడమే. ఎంత ఒత్తిడి చేసినా, ఎంత తియ్యగా అడిగినా ఒప్పుకోవద్దు.

కిరాయి ఇక్కడ కడితే ప్రీపెయిడ్, అక్కడ కడితే కలెక్ట్. దానిమీద టెర్మినల్ హ్యాండ్లింగ్ కింద టీహెచ్‌సీ, ఇంధనం ధరల కింద బాఫ్, కాగితాల ఖర్చు విడివిడిగా పడతాయి. కొటేషన్ అడిగేటప్పుడు అన్నీ కలిపి ఎంత అని అడగాలి. ఫ్రైట్ తక్కువ చూపించి మిగతావాటిలో రాబట్టుకునేవాళ్లుంటారు.

జనరల్ యావరేజ్ అనే మాట రోజూ వినిపించదు, వినిపిస్తే మాత్రం భారీగా తగులుతుంది. ఓడనూ సరుకునూ కాపాడటానికి కావాలని చేసిన త్యాగాన్ని, పెట్టిన ఖర్చును ఆ ఓడలో సరుకున్న ప్రతివాడూ తన వాటా మేరకు భరించాలన్నది సముద్ర వ్యాపారంలో చాలా పాత న్యాయం. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడింది, 29న కదిలింది. తర్వాత దాని యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అందులో ఉన్న 18 వేల పైచిలుకు డబ్బాల సరుకు క్షేమంగానే ఉంది. అయినా సరుకు యజమానులు హామీ చూపించాకే అది వాళ్ల చేతికి అందే పరిస్థితి. బీమా ఉన్నవాళ్లకు ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది, లేనివాళ్లు సొంతంగా డబ్బు డిపాజిట్ కట్టాలి. క్లాజు 'సీ' కూడా ఈ వాటాను భరిస్తుంది. అంత చిన్న బీమా అయినా అస్సలు లేకపోవడం కన్నా ఎంతో నయం.

అవతలి ఒడ్డున

ఓడ చేరువవుతుండగా లైన్ ఏజెంటు నోటిఫై పార్టీకి అరైవల్ నోటీసు పంపుతాడు. బీఎల్ చూపించి, బాకీలు కట్టి డెలివరీ ఆర్డరు తీసుకోవాలి. మలేసియా కస్టమ్స్‌లో దిగుమతికి వేసేది కే1 ఫారం. ఇక్కడి నుంచి రోజులు డబ్బుగా మారతాయి.

డెమరేజ్, డిటెన్షన్ రెండూ ఒకటే అనుకుంటారు. నిండిన డబ్బా ఉచిత గడువు దాటి రేవులోనే ఉండిపోతే పడేది డెమరేజ్. రేవు దాటి బయటికి తెచ్చాక ఖాళీ డబ్బాను గడువులోగా తిరిగి ఇవ్వకపోతే పడేది డిటెన్షన్. లైన్ రేవులో 7 రోజులు, బయట 4 రోజులు ఫ్రీ ఇచ్చిందనుకుందాం. కొనుగోలుదారు 12వ రోజున డబ్బా బయటికి తీశాడు: 5 రోజుల డెమరేజ్. తీశాక 6 రోజులకు ఖాళీది తిప్పి ఇచ్చాడు: 2 రోజుల డిటెన్షన్. రోజులు గడిచే కొద్దీ రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. రేవు వాళ్ల గ్రౌండ్ రెంట్ వేరే. డిటెన్షన్ ఎగుమతి వైపు కూడా ఉంది. చెన్నైలో ఖాళీ డబ్బా తీసుకుని గుంటూరు తెచ్చి, ల్యాబ్ రిపోర్టు రాలేదని నిలబెట్టుకుంటే డిటెన్షన్ మన మీద నడుస్తుంటుంది. రిపోర్టు చేతికొచ్చాకే డబ్బా తెప్పించాలి.

డెమరేజ్ అన్న మాటకు కాకినాడలో ఇంకో లెక్క ఉంది. అక్కడి యాంకరేజ్ రేవులో బియ్యం బస్తాలను బార్జీల్లో తీసుకెళ్లి, సముద్రంలో లంగరేసి ఉన్న ఓడలోకి ఎక్కిస్తారు. ఓడ మొత్తాన్ని కిరాయికి తీసుకున్నప్పుడు లోడింగుకు ఇచ్చే సమయం లేటైమ్. ఓడ సిద్ధంగా ఉందని కెప్టెన్ ఇచ్చే నోటీసు ఎన్‌ఓఆర్. ఆ నోటీసును బట్టే లెక్క మొదలవుతుంది. సమయం దాటితే ఓడ యజమానికి కట్టేది డెమరేజ్, ముందే ముగిస్తే తిరిగి వచ్చేది డిస్పాచ్. బియ్యం వానలో ఎక్కించలేరు కాబట్టి ఒప్పందంలో 'వెదర్ వర్కింగ్ డే' అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే వాన కురిసిన వేళ లెక్కలోకి రాదు. ఆ మాట లేకుండా తుపాను రోజుల్లో ఓడ పట్టినవాడికి ఆకాశం కూడా బిల్లు వేస్తుంది.

మళ్లీ మన డబ్బా దగ్గరికి. కొనుగోలుదారు తలుపు తెరిచే ముందు సీలు నంబరు బీఎల్‌లో ఉన్నదేనా అని చూడాలి. తెరిచాక సంచులు తడిసి కనిపిస్తే అక్కడే ఆపి సర్వేయర్‌ను పిలిపించాలి. బయటికి కనిపించని నష్టమైతే సరుకు అందిన మూడు రోజుల్లోగా మోసుకొచ్చిన లైన్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి, దావా వేయాలంటే ఏడాది గడువు. హేగ్ నిబంధనల కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. గోడౌన్ నిండా సంచులు దించేసి, నెల తర్వాత ఫొటోలు పంపిస్తే ఎవరూ పట్టించుకోరు. మన గోడౌన్‌లో తలుపు మూసేముందు తీసిన ఫొటోలు ఇప్పుడు బయటికి వస్తాయి.

ఇటువైపు ఇంకా రెండు పనులున్నాయి. ఓడ వెళ్లాక లైన్ అందులో వెళ్లిన సరుకుల జాబితా, అంటే ఈజీఎం, కస్టమ్స్‌లో వేయాలి. మన షిప్పింగ్ బిల్లు నంబరు అందులో తప్పుగా పడితే, సరుకు మలేసియా చేరి అమ్ముడైపోయినా కస్టమ్స్ లెక్కలో అది ఇంకా చెన్నైలోనే ఉన్నట్టు. సుంకం వాపసు అయిన డ్రాబ్యాక్ ఆగుతుంది, రోడ్‌టెప్ ఆగుతుంది. ఓడ కదిలిన వారానికే ఐస్‌గేట్‌లో ఈజీఎం స్థితి చూసుకుని, తేడా ఉంటే లైన్ వెంటపడి దిద్దించాలి. రెండోది బ్యాంకు. డాలర్లు ఖాతాలో పడ్డాక ఆ మొత్తాన్ని ఇదే షిప్పింగ్ బిల్లుకు జతపరిచి, డబ్బు అందిందని చెప్పే ధ్రువపత్రం ఈ-బీఆర్‌సీ తీసుకోవాలి. డబ్బు వచ్చింది కదా అని ఇది వదిలేస్తే రిజర్వు బ్యాంకు లెక్కలో ఆ బిల్లు బాకీగానే కనిపిస్తూ తర్వాతి ఎగుమతులకు అడ్డం తగులుతుంది. ఈజీఎం సరిపోయి, ఈ-బీఆర్‌సీ చేతికొచ్చి, పోర్ట్ క్లాంగ్ డిపోలో ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చిన ఈఐఆర్ నకలు కొనుగోలుదారు పంపాక ఈ కంటైనర్ ఫైలు మూయవచ్చు.